‘నిర్మించబడింది’ అన్నప్పుడు కర్త ఎవరు?

సందేహం: వలస పాలన కాలపు ముఖ్య ఘట్టాలను మా పాఠశాల విద్యార్థుల కోసం ఏడాదివారీగా రాస్తున్నాను. 1856 కింద ఇలా రాశాను: ‘‘1856వ సంవత్సరంలో మద్రాసు నుండి ఆర్కాటు వరకు రైలు మార్గం నిర్మించబడింది. అదే సంవత్సరంలో అవధ్ రాజ్యం బ్రిటిష్ పాలనలో విలీనమైంది. వితంతు పునర్వివాహ చట్టం చేయబడింది.’’ ‘బడు’ తెలుగుకు సహజం కాదు, తీసేయమని ఒక సహోపాధ్యాయుడు అంటున్నారు. చరిత్ర రచనలో కర్త ముఖ్యం కాదు కాబట్టి ఉండాల్సిందేనని మరొకరు వాదిస్తున్నారు. ఏది సరి? ‘1856వ సంవత్సరంలో’ అనడం కూడా తప్పేనా?

సమాధానం: ‘బడు’ తెలుగు కానిదేమీ కాదు. అది ‘పడు’ ధాతువే. ముందున్న క్రియతో చేరినప్పుడు పకారం బకారమైంది. కనబడు, వినబడు, తగలబడు వంటి మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నవే కాబట్టి, మీ సహోపాధ్యాయుని మాట విని వాటిని కూడా ఏరిపారేయనక్కర్లేదు. అయితే, సకర్మక క్రియలన్నింటికీ ‘బడు’ తగిలించి ‘నిర్మించబడింది, ప్రారంభించబడింది, చేయబడింది’ అని వరసగా రాసుకుపోవడం మన వాక్యానికి అలవాటైన నడక కాదు. విచిత్రమేమిటంటే ఇదే ‘పడు’ ఒంటరిగా నిలిచినప్పుడు ఎంతో సహజంగా ఉంటుంది. ‘మా ఊరికి రోడ్డు పడింది’ అంటాం. ‘రోడ్డు వేయబడింది’ అని ఇంట్లో ఎవరూ అనరు.

కర్తను చెప్పకుండా దాటవేయడానికి తెలుగుకు ‘బడు’ అవసరం లేదు. ‘రైలు మార్గం వేశారు’ అంటే చాలు. ఆ ‘వారు’ ఎవరో చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగరు. కాబట్టి మొదటి వాక్యంలో ‘నిర్మించారు’ లేదా ‘వేశారు’ అంటే వ్యాకరణానికి లోటు లేదు. కానీ పిల్లలకు చరిత్ర చెబుతున్నప్పుడు కర్త ముఖ్యం కాదన్న రెండో వాదనతో నేను ఏకీభవించలేను. ఆ మార్గం వేసింది మద్రాసు రైల్వే కంపెనీ. దాని వాటాదారులు ప్రధానంగా ఇంగ్లండులో ఉండేవారు. పెట్టిన పెట్టుబడి మీద ఏటా నిర్ణీత రాబడికి ఈస్టిండియా కంపెనీ హామీ ఇచ్చింది. లాభం తగ్గితే ఆ లోటును ఈ దేశపు ఆదాయం నుంచే పూడ్చేవారు. ఇన్ని చేతులున్న పనిని ‘నిర్మించబడింది’ అన్న ఒక్క మాట కప్పేస్తుంది. ‘కంపెనీ వేసింది’ అని ఊరుకున్నా చిక్కే, ఎందుకంటే 1856 గురించి చదివే విద్యార్థికి ‘కంపెనీ’ అంటే ఈస్టిండియా కంపెనీయే గుర్తుకు వస్తుంది. కనుక పూర్తి పేరు రాయండి. ‘గవర్నర్ జనరల్ డల్హౌసీ రైలు మార్గాలు వేయించెను’ అన్న పాఠ్యపుస్తకపు ప్రేరణార్థకం (ఇతరుల చేత పని చేయించడాన్ని చెప్పే ‘ఇంచు’ రూపం) జోలికి మాత్రం పోకండి. అశోకుడు చెట్లు నాటించిన నాటి నుంచి ఆ ‘ఇంచు’కు మన తరగతి గదుల్లో విశ్రాంతి లేదు.

ఆ వాక్యం విషయంలోనే మరో రెండు జాగ్రత్తలు అవసరం. అప్పట్లో ఆర్కాటు పేరుతో వ్యవహరించిన స్టేషన్ నేటి వాలాజా రోడ్డు. ఆర్కాటు పట్టణం పాలారు నదికి ఆవలి ఒడ్డున ఉంది. ‘ఆర్కాటు వరకు’ అని వదిలేస్తే పట్టాలు ఏరు దాటి ఊళ్లోకి వెళ్లాయని చదువరి అనుకుంటాడు. ఇక ‘ప్రారంభం’ అన్న మాట వాడదలిస్తే దాన్నీ జాగ్రత్తగా వాడాలి. మద్రాసులో ఈ మార్గం మొదలయ్యే రాయపురం స్టేషన్‌ను గవర్నర్ లార్డ్ హారిస్ ప్రారంభించింది జూన్ 28న. ప్రయాణికుల రాకపోకలు మొదలైంది జులై 1న. మొదటిది ప్రారంభోత్సవం, రెండోది ప్రారంభం. ఈ తేడా పాటించకపోతే ఒకే రైలుకు రెండు పుట్టినరోజులు వస్తాయి.

మీ సహోపాధ్యాయులు పట్టించుకోనిదీ, నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచినదీ రెండో వాక్యం. అందులో ‘బడు’ లేదు. కానీ కర్తను దాచడంలో ‘విలీనమైంది’ దానికన్నా రెండాకులు ఎక్కువ చదివింది. ‘కలిసింది, విలీనమైంది’ అనేవి అకర్మక క్రియలు. జరిగినది దానంతట అదే జరిగినట్టు అవి ధ్వనిస్తాయి. మద్రాసు రైల్వే వారి వాయవ్య మార్గం కడప, గుత్తిల మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే మార్గంతో ‘కలిసింది’ అనడం నిక్షేపంలాంటి ప్రయోగం. అవధ్ అలా కలవలేదు. 1856 ఫిబ్రవరిలో రెసిడెంట్ (అక్కడి కంపెనీ ప్రతినిధి) ఔట్రామ్ తెచ్చిన ఒప్పందం మీద నవాబు వాజిద్ అలీ షా సంతకం చేయనన్నాడు. పాలన బాగాలేదన్న కారణం చూపి రాజ్యాన్ని తీసుకున్నారు. నవాబు కలకత్తా చేరి మటియాబుర్జ్‌లో ఉండిపోయాడు. ఇలాంటి సందర్భానికి తెలుగులో ‘కొను’ అనే చక్కని అనుప్రయోగం (మరో క్రియకు తోడుగా చేరే క్రియ) ఉంది. ‘కలిపింది’ అంటే పని మాత్రమే తెలుస్తుంది. ‘కలుపుకుంది’ అంటే పని, దాని ఫలం ఎవరికి చెందిందో రెండూ తెలుస్తాయి. అందువల్ల ‘అవధ్ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ తన పాలనలో కలుపుకుంది’ అనండి. బ్రిటిష్ రాణి ప్రత్యక్ష పాలన 1858లో గాని రాలేదు కాబట్టి ఇక్కడ కంపెనీ పేరు చెప్పడమే సరి. ఒక రాజ్యం చేతులు మారడాన్ని ఏ మాటతో చెబుతామన్నది చిన్న విషయం కాదు. 1948 నాటి హైదరాబాదు గురించి ‘విలీనమా, విమోచనమా’ అన్న వాదన సెప్టెంబరు వచ్చిందంటే మనం వింటూనే ఉన్నాం.

మూడో వాక్యానికి ‘వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది’ అంటే సరిపోతుంది. చట్టం రావడం, పన్ను పడటం, కరువు రావడం మనకు అలవాటైన పలుకుబళ్లే. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు చేర్చదలిస్తే ‘చేశాడు’ అనకండి. ఆయన కృషి ఫలితంగా జులైలో చట్టం వచ్చిందని రాయండి.

ఇప్పుడు మీ పేరా ఇలా ఉండవచ్చు: ‘‘1856 ఫిబ్రవరిలో అవధ్ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ తన పాలనలో కలుపుకుంది. రాయపురం నుంచి నేటి వాలాజా రోడ్డు వరకు మద్రాసు రైల్వే కంపెనీ వేసిన దాదాపు 100 కిలోమీటర్ల మార్గంలో జులై 1న ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి. విద్యాసాగరుని కృషి ఫలితంగా అదే నెలలో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది.’’

‘1856వ సంవత్సరంలో’ అన్నది తప్పు కాదు. ‘1856లో’ అంటే చాలు. ‘1856వలో’ అనడం మాత్రం కుదరదు, ఎందుకంటే ‘వ’ తరువాత ‘సంవత్సరం’ వంటి విశేష్యం (నామవాచకం) ఉండి తీరాలి. రైలు మార్గాల విస్తరణ రాసేటప్పుడు ‘లో’, ‘నాటికి’ అన్న రెంటినీ కలగలపకండి. మద్రాసు నుంచి పడమటి తీరాన బేపూరుకు పట్టాలు ముక్కలు ముక్కలుగా, ఏళ్ల తరబడి పడ్డాయి. ‘1862 నాటికి బేపూరు దాకా మార్గం పూర్తయింది’ అంటే ఆ క్రమం తెలుస్తుంది, ‘1862లో మద్రాసు–బేపూరు మార్గం వేశారు’ అంటే అంతా ఒక్క ఏడాదిలో వేసినట్టు అర్థం వస్తుంది.