దెయ్యం కథలు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. దాని సంగతి చెప్పేముందు నీ ఉత్తరం చివర్లో ఒక మాట రాశావు చూడు, 'వేరే భాషల హారర్ సినిమాలకి సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కూర్చుంటే ఇంక భయం ఎక్కడ వేస్తుందండీ, అవే కథల్ని ఇంగ్లిష్‌లో తీశారుగా, నేను అవే చూశాను' అని, దాని గురించి మాట్లాడాలి. హారర్ రాద్దామనుకునేవాడు అనాల్సిన మాట కాదది. కోపంతో అనడం లేదు. నీ కథలో నాకు కనిపించిన లోపం, ఈ అలవాటు, రెండూ ఒక్కచోటి నుంచే వస్తున్నాయని గట్టిగా అనిపించింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. కొన్ని సినిమాల చివర్లు కూడా చెప్పేస్తాను, తప్పదు.

నీ కథలో మొదటి సగం చాలా బాగుంది. మేడమీద గదిలో ఎవరో నడుస్తున్న చప్పుడు, అది రోజూ ఒక్క అడుగు ఎక్కువ నడవడం, ఆ అడుగుల్ని ఆ ఇల్లాలు మంచం మీద పడుకుని లెక్కపెట్టడం... అక్కడ నాకు నిజంగానే ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత పక్కింటి ముసలాయన్ని తీసుకొచ్చి, ఆ గదిలో ఎవరు చచ్చిపోయారో, ఎవరు చంపారో, ఎందుకు చంపారో అంతా అతని చేత చెప్పించేశావు. అంతే, భయం పోయింది, కేసు డైరీ మిగిలింది.

ఇంగ్లిష్ రీమేకులు ఎక్కువగా చేసే పని సరిగ్గా ఇదే.

'లెట్ ద రైట్ వన్ ఇన్' అని స్వీడిష్ సినిమా, 2008లో వచ్చింది, దర్శకుడు టోమస్ ఆల్ఫ్రెడ్‌సన్. స్టాక్‌హోమ్ శివార్లలో బ్లాకెబెర్గ్ అనే చోటు, ఎటు చూసినా మంచు. స్కూల్లో తోటి పిల్లలు ఏడిపించుకు తినే పన్నెండేళ్ళ ఆస్కర్, పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన ఎలి. ఎలి రక్తం తాగి బతుకుతుంది. తనతో ఒక పెద్ద వయసు మనిషి ఉంటాడు, మనుషుల్ని చంపి ఆ రక్తం తెచ్చేది అతనే. ఎవరతను? తండ్రా? వీళ్ళిద్దరూ ఎప్పుడు కలిశారు? సినిమా చెప్పదు. చివర్లో ఆస్కర్ రైల్లో వెళ్తుంటాడు, దగ్గర పెట్టెలో ఎలి ఉంటుంది, వాడు సంతోషంగానే ఉంటాడు, కానీ చూస్తున్న మనకి మెల్లిగా ఒక అనుమానం మొదలవుతుంది: చచ్చిపోయిన ఆ మనిషి కూడా ఒకప్పుడు ఇలాంటి పిల్లాడేనా, రేపు వీడి బతుకూ అంతేనా? ఎవరూ చెప్పలేదు కాబట్టి అది పూర్తిగా మన అనుమానం, అందుకే మనల్ని వదలదు.

2010లో మాట్ రీవ్స్ తీసిన రీమేక్ 'లెట్ మీ ఇన్' చెత్త సినిమా కాదు, శ్రద్ధగా తీశాడు. కానీ అందులో ఆ పిల్లాడికి పాత ఫొటోలు దొరుకుతాయి. అదే అమ్మాయి, పక్కన ఒక చిన్న కుర్రాడు, ఆ కుర్రాడే ఈ పెద్దమనిషి. మనం భయపడుతూ ఊహించుకోవలసిన దాన్ని చేతిలో పెట్టేశారు. ఒక్క ఫొటోతో అనుమానం కాస్తా సమాచారం అయిపోయింది.

ఇంకో సంగతి, ఇది నీలాంటి వాడికి బాగా పనికొస్తుంది. ఆ స్వీడిష్ సినిమాకి మూలం యోన్ అయ్‌విదె లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన నవల, స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాశాడు. ఆ పెద్దమనిషి ఎలాంటివాడో, అతని గతమేమిటో నవల్లో ఉంది. సొంతంగా రాసుకున్న ఆ పేజీల్ని ఆయనే సినిమాలోకి రానివ్వలేదు! ఆయనకి అంతా తెలుసు, తెలుసు కాబట్టే నోరు మూసుకుని ఉండగలిగాడు. నీ కథలో ఆ గదిలో చచ్చిపోయిందెవరో నీకు తెలిసి తీరాలి. నాకు తెలియక్కర్లేదు.

స్పానిష్ సినిమా 'రెక్' 2007లో వచ్చింది, మరుసటి ఏడాదికే అమెరికాలో 'క్వారంటైన్' పేరుతో దాదాపు షాట్ తర్వాత షాట్ అలాగే తీశారు. మూలంలో, కథంతా జరిగే అపార్ట్‌మెంట్ భవనానికి పట్టింది జబ్బా, దెయ్యమా అని చివరి నిమిషాల దాకా అల్లాడిపోతాం, పైగదిలో దొరికేవి కూడా సగంసగం ఆధారాలే. రీమేక్ దాన్ని రేబిస్ లాంటి వైరస్ అని తేల్చేసింది. పైగా సినిమా ఆఖరి షాట్‌నే పోస్టర్ మీద వేశారు, ఇంక చెప్పేదేముంది.

మంచి దర్శకుడు దొరక్కే ఇలా అవుతోందని అనుకోకు. 1988లో వచ్చిన డచ్ సినిమా 'స్పూర్‌లోస్'ని, 1993లో దాని హాలీవుడ్ రీమేక్‌ని తీసింది ఒక్కడే, జార్జ్ స్లౌజర్. పెట్రోల్ బంకులో మాయమైపోయిన ప్రియురాలి కోసం ఒకతను మూడేళ్ళు వెతుకుతాడు. ఎత్తుకుపోయినవాడెవడో మనకి ముందే చూపించేస్తారు, కాబట్టి ఎవరన్నది కాదు ప్రశ్న, ఆమెకి ఏం జరిగిందన్నది. వాడే వచ్చి, ఈ మత్తుమందు కలిపిన కాఫీ తాగు, ఆమెకి ఏం జరిగిందో నీకూ తెలుస్తుంది అంటాడు. ఇతను తాగుతాడు. కళ్ళు తెరిచేసరికి మట్టి కింద, శవపేటికలో. మూలం అక్కడ అతన్ని కాపాడదు. రీమేక్‌లో కొత్త ప్రియురాలు వచ్చి బయటికి తీస్తుంది, విలన్ చస్తాడు, మనం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాం. తెలుసుకోవాలన్న కోరికే మనిషిని చంపేస్తుందన్న ఆ భయంకరమైన ఆలోచన ఆ ముగింపు మీదే నిలబడి ఉంది, ముగింపు మార్చగానే మిగతా కథంతా దండగైపోయింది.

రీమేకులన్నీ పనికిమాలినవని కూడా అనుకోవద్దు. 2002లో వచ్చిన 'ద రింగ్' నాకిష్టం, ఆ నీలిరంగు చలి, ఆ వాన చాలా బాగుంటాయి. కానీ దానికి మూలమైన 1998 జపాన్ సినిమాలో సదాకో అనే దెయ్యం టీవీలోంచి బయటికొచ్చినప్పుడు జుట్టు చాటున ఒక్క కన్ను మాత్రమే చూపించారు. నటి చేత వెనక్కి నడిపించి, ఆ ఫిల్మును తిరగేసి వేశారు, నడకలో ఏదో తేడా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేం. ముఖం చూపించి ఉంటే ఆ వణుకు వచ్చేదా?

ఇప్పుడు సబ్‌టైటిల్స్. చదవాలి కాబట్టి కళ్ళు తెర మీదినుంచి తిప్పలేవు, ఫోన్ చూస్తూ సినిమా 'వినడం' కుదరదు, హారర్‌కి కావలసింది కూడా అదేగా. నిజంగా భయపెట్టే చోట్లయితే చదవడానికి ఏమీ ఉండదు. ఆ స్వీడిష్ సినిమా స్విమ్మింగ్ పూల్ సీన్లో ఆస్కర్ తలని నీళ్ళలో అదిమి పట్టుకుంటారు, కెమెరా కూడా వాడితోపాటు నీళ్ళ కిందే ఉండిపోతుంది, పైన జరిగే ఘోరం మనకి మసకగా, ముక్కలుముక్కలుగా మాత్రమే తెలుస్తుంది. అక్కడ ఏ భాష కావాలి? డబ్బింగ్ మాత్రం వద్దు. ఎలి వేషం వేసిన అమ్మాయి గొంతు సరిపోలేదని ఇంకాస్త బరువైన గొంతు కోసం వేరే ఆమె చేత చెప్పించారు వాళ్ళు, అంత జాగ్రత్తగా ఎంచుకున్న గొంతుని తీసేసి ఇంకొకటి పెడితే పాత్రే మారిపోతుంది. సబ్‌టైటిల్స్‌లోనూ మంచీ చెడూ ఉంటాయి. 2009లో ఇదే సినిమా అమెరికాలో డిస్క్‌గా వచ్చినప్పుడు మాటల్ని కుదించి చప్పగా మార్చేస్తే ప్రేక్షకులు గొడవ చేశారు, తర్వాత థియేటర్లో వేసిన సబ్‌టైటిల్స్‌తోనే మళ్ళీ విడుదల చేయాల్సి వచ్చింది. అంత పట్టుదలగా చదివేవాళ్ళు ఉన్నారు తమ్ముడూ, నువ్వు రాయాల్సింది వాళ్ళ కోసం.

ముందు స్పానిష్‌దానితో మొదలుపెట్టు, 78 నిమిషాలే. తర్వాత డచ్‌ది. స్వీడిష్‌ది మాత్రం తొందరలేని రాత్రి ఒక్కడివే చూడు. ఒక్కోదాని రీమేక్ మర్నాడే చూసి, కొత్తగా ఏం కలిపారో, ఏం మార్చారో మాత్రం ఒక కాగితం మీద రాసుకో, అందులో ఎన్ని వివరించడానికి పెట్టినవో గుర్తు పెట్టు. ఆ కాగితం నాకు పంపు. ముసలాయన సంగతి ఆ తర్వాత చూద్దాం.