మీ ప్రశ్నలకు జవాబులు: ఐ7 అని రాసి ఉంటే చాలా?

ప్రశ్న: మా అమ్మాయికి విజయనగరంలో ఇంజనీరింగులో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. ల్యాప్‌టాప్ కోసం గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాలన్నీ తిరిగాము. ఒకచోట ఇంటెల్ కోర్ ఐ5-1335యూ చిప్పు, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూపించారు. దాదాపు అదే ధరలో ఐ7-1355యూ, 8 జీబీ ర్యామ్ ఉన్నది కూడా చూపించి, ఐ7 అయితే నాలుగేళ్లూ ఢోకా ఉండదన్నారు. ఇంకో దుకాణంలో రైజెన్ 5 7520యూ ఉన్నదాన్ని బాగా తక్కువకు ఇస్తామంటున్నారు. నేను బట్టల వ్యాపారిని, ఈ అంకెలు నాకు అంతుపట్టడం లేదు. ఏది కొనమంటారు?
— ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: మొదటిది, అంటే 16 జీబీ ర్యామ్ ఉన్న ఐ5 కొనండి. ర్యామ్ అంటే తెరిచిన పనులన్నీ పరుచుకునే చోటు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో చాలా వస్తాయి, అన్నింటిలోనూ చిక్కు ఒక్కటే.

పొందూరు ఖద్దరు కొనేటప్పుడు మీరు ముద్ర ఒక్కటే చూసి ధర కట్టరు; నూలు కౌంటు అడుగుతారు, వెలుతురులో పట్టి నేత చూస్తారు. చిప్పు విషయంలో ఐ5, ఐ7 అన్నవి ముద్రలాంటివి, వాటి పక్కనున్న అంకెలూ చివరి అక్షరమూ కౌంటు లాంటివి. 1335యూ, 1355యూ అన్నవాటిలో మొదటి 13 ఆ చిప్పు పదమూడో తరానిదని చెబుతుంది. చివరి ‘యూ’ అనే అక్షరం అది తక్కువ కరెంటుతో, సుమారు 15 వాట్ల దగ్గర నడిచేలా పలచని ల్యాప్‌టాప్‌ల కోసం చేసినదని చెబుతుంది. అదే చోట ‘హెచ్’ ఉంటే 45 వాట్ల తరహా చిప్పు అని అర్థం. అది బరువు పనులు చేస్తుంది, ఫ్యాను ఎక్కువగా తిరుగుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది.

ఇప్పుడు మీకు చూపించిన రెండింటినీ పక్కపక్కన పెడదాం. రెండింటిలోనూ పది కోర్లే, అంటే లెక్కలు చేసే భాగాలే ఉన్నాయి: బరువు పనులకు రెండు, తేలిక పనులకు ఎనిమిది. చిప్పు లోపలే ఉండే వేగమైన క్యాష్ మెమరీ కూడా రెండింటికీ 12 ఎంబీయే. ఐ5 గరిష్ఠంగా 4.6 గిగాహెర్ట్జ్ వేగానికి వెళితే ఐ7 5 గిగాహెర్ట్జ్ వరకు వెళుతుంది, దాని గ్రాఫిక్స్ భాగం కొంచెం పెద్దది. అయితే పలచని పెట్టెలో వేడి బయటికి పోయే దారి తక్కువ కనుక ఆ గరిష్ఠ వేగం కాసేపే నిలుస్తుంది, ఆ తరువాత రెండూ ఇంచుమించు ఒకే నడక నడుస్తాయి. పైగా 8 జీబీ ర్యామ్ ఒకే కడ్డీగా అమర్చి ఉంటే ఐ7కు ఉన్న గ్రాఫిక్స్ ఆధిక్యం కూడా పనికిరాదు, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ పూర్తి బలంతో పనిచేయాలంటే ర్యామ్ రెండు దారుల్లో అందాలి. అంటే ఐ7 అనే పేరు కోసం మీరు వదులుకుంటున్నది సగం ర్యామ్.

మొదటి సంవత్సరంలో సీ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకునేటప్పుడు ఈ తేడా మీ అమ్మాయికి కనిపించకపోవచ్చు. మూడో సంవత్సరంలో ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, దానిలోనే నమూనా ఫోను నడిపిస్తూ, పక్కన బ్రౌజరులో పది పేజీలు తెరిచి పెట్టుకున్న నాడు 8 జీబీ ల్యాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ర్యామ్ తరువాత పెంచుకోవచ్చు కదా అని దుకాణదారు అనవచ్చు. అన్నిటికీ ఆ వీలుండదు, చాలా పలచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. దుకాణంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కించండి. తెరుచుకున్న కిటికీలో పర్‌ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కితే ర్యామ్ కడ్డీలు పెట్టే స్లాట్లు ఎన్ని వాడకంలో ఉన్నాయో ఆంగ్లంలో రాసి కనిపిస్తుంది. రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు ఉంటే పెంచుకునే చోటు ఉన్నట్టే. అయినా డబ్బులు కట్టేముందు, రెండో స్లాటు నిజంగా ఖాళీగా ఉందా అని అడిగి ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

ఇక రైజెన్ సంగతి. 7520యూలో మొదటి 7 చూసి అది కొత్తదనుకుంటాము, ఆ వరుస 2023 మోడల్ సంవత్సరానిది కూడా. కానీ రైజెన్ చేసే ఏఎండీ కంపెనీ ఆ వరుసకు పెట్టిన పద్ధతిలో చిప్పు నిర్మాణం ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. ఇక్కడ అది 2, అంటే జెన్ 2. ఆ నిర్మాణంతో చిప్పులు 2019లోనే వచ్చాయి. పైగా దీనిలో నాలుగు కోర్లే ఉన్నాయి. ఒక్క అంకె తేడాతో ఉండే 7530యూ జెన్ 3 నిర్మాణంతో, ఆరు కోర్లతో వస్తుంది. ఇంట్లో బిల్లులు కట్టడానికీ, ఆన్‌లైన్ పాఠాలు చూడడానికీ 7520యూ చక్కగా సరిపోతుంది, దానిని నేను చెడ్డదని అనను. కంప్యూటర్ సైన్సు విద్యార్థినికి నాలుగేళ్ల కోసం మాత్రం కొనవద్దు. కంపెనీలు ఇంత ముఖ్యమైన సంగతిని మూడో అంకెలో పెట్టి, బట్టల వ్యాపారి కూడా దానిని విప్పి చదువుకోవాలని ఆశించడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: నేను ఎచ్చెర్లలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నాను. ఇంటెల్ ఆరో తరం ఐ5 చిప్పులున్న పాత కంప్యూటర్లు మూడు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు, విండోస్ 10. ఇక పనికిరావు, మూడూ మార్చేయాలని అంటున్నారు. అంత పెట్టుబడి నా దగ్గర లేదు. వానాకాలంలో వీటిలో ఒకటి ఆన్ చేస్తే తెర రాకుండా బీప్ శబ్దం చేస్తుంది. ఏం చేయాలి?
— దుకాణదారు, ఎచ్చెర్ల

జవాబు: మూడూ మార్చనక్కర లేదు, మూడింటినీ ఇప్పుడున్నట్టే వాడడమూ కూడదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు భద్రతా సవరణలను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే వీలు ఇచ్చింది కానీ, అది తాత్కాలికమైన ఊరట. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపై చిప్పులనే అధికారికంగా అంగీకరిస్తారు కనుక మీ ఆరో తరం చిప్పులు ఆ జాబితాలోకి రావు. అడ్డదారిలో ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు, మీ దుకాణంలో ఆ పని చేయించవద్దు. మీ దగ్గరికి వచ్చే విద్యార్థులు మీ కంప్యూటర్లలో ఆధార్ సంఖ్య, బ్యాంకు పాస్‌వర్డు, ఫోనుకు వచ్చిన ఓటీపీ నమ్మకంతో కొడుతున్నారు. ఆ నమ్మకానికి తగిన భద్రత ఉండాలి.

నా సలహా ఇది. ఫీజులు, దరఖాస్తులు, వేలిముద్ర యంత్రం వంటి పనులకు విండోస్ 11తో ఒక్క కొత్త కంప్యూటరు కొనండి. పాతవాటిలో ఒకదానికి హార్డ్ డిస్కు తీసి, తిరిగే భాగాలు లేని వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించండి. హాల్‌టికెట్లు దించి ప్రింటు తీయడం, ఫలితాలు చూడడం దానిలో హాయిగా సాగుతాయి. ముందు మీ ప్రింటరు లినక్స్‌లో పనిచేస్తుందో లేదో పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోండి, ఎక్కించకుండానే పరీక్షించే వీలు ఉంది. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారిన పాత కంప్యూటరు ఎంత చురుకవుతుందో చూస్తే, ఇన్నాళ్లు చిప్పును తప్పుపట్టినందుకు మీకే అయ్యో అనిపిస్తుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో చేసే పని మీకు ఉంటే మిగిలిన పాతవాటిలో ఒకదానిని విండోస్ 10తోనే ఉంచి, దాని నెట్ తీగ పీకేసి ఆ ఒక్క పనికి కేటాయించండి. దానికి పెట్టే పెన్‌డ్రైవ్‌ను ముందు కొత్త కంప్యూటరులో వైరస్ స్కాన్ చేయడం మాత్రం మరవవద్దు.

బీప్ శబ్దానికి చాలాసార్లు కారణం ర్యామ్ కడ్డీ. మన తీరంలో గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి, ఆ కడ్డీ అంచునున్న పసుపు రంగు పట్టీల మీద కంటికి ఆనని పొర పేరుకుంటుంది. కంప్యూటరు ఆపి, గోడ దగ్గర ప్లగ్గు తీసేసి, పవర్ మీట రెండుసార్లు నొక్కి, లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకున్నాక కడ్డీని అంచులతో పట్టి తీయండి. పిల్లలు వాడే మెత్తని తెల్ల రబ్బరుతో పట్టీలను ఒకే దిశలో నెమ్మదిగా రుద్ది, ఆ పొడి స్లాటులో పడకుండా దూరంగా దులిపి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా తిరిగి నొక్కండి. మా ఇంటి కంప్యూటరుకు ఇదే జబ్బు వస్తే, ఒక మరమ్మతు దుకాణంలో మదర్‌బోర్డు పోయిందని చెప్పి కొత్తదానికి ధర కట్టారు. ఇంటికి తెచ్చి రబ్బరుతో తుడిస్తే పనిచేసింది, ఆ తరువాత మూడేళ్లు నడిచింది.

ప్రశ్న: మా నాన్నగారు వేటకు వెళతారు. ఐపీ68 ఫోను సముద్రంలో పడినా ఏమీ కాదంటున్నారు, నిజమేనా? సిగ్నల్ లేనిచోట ఆ ఫోనులో దారి తెలుస్తుందా?
— డిగ్రీ విద్యార్థి, కళింగపట్నం

జవాబు: ఐపీ68లో 6 అన్నది దుమ్ముకు, 8 అన్నది నీటికి. ఆ నీటి పరీక్ష చేసేది మంచినీటిలో. ఎంత లోతులో, ఎంతసేపు అన్నది కంపెనీయే ప్రకటిస్తుంది. చాలా ఫోన్లకు అది మీటరున్నర లోతు, అరగంట. ఉప్పునీటికి ఆ హామీ లేదు. నీరు చేరి పాడైన ఫోనుకు వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. ఫోను కింద పడి చిన్న బీట వేసినా, జిగురు పట్టు వదిలినా ఆ రక్షణ పోతుంది. ఉప్పునీరు తగిలితే వెంటనే మంచినీటితో పైపైన కడిగి, మెత్తని గుడ్డతో తుడవండి; ఛార్జింగు రంధ్రం పూర్తిగా ఆరేదాకా తీగ పెట్టవద్దు. తడి రంధ్రంలో కరెంటు పోనిస్తే ఉప్పు అక్కడి లోహాన్ని తినేస్తుంది. ఖరీదైన ఐపీ68 ఫోను కన్నా, మామూలు ఫోనూ మెడలో వేసుకునే, నీరు చొరని మంచి సంచీ మీ నాన్నగారికి మేలని నా అభిప్రాయం.

దారి సంగతికి వస్తే, జీపీఎస్‌కు సిమ్ము గాని నెట్ గాని అవసరం లేదు, ఫోను ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని అందుకుంటుంది అంతే. పటం మాత్రం ఒడ్డున ఉండగానే దించి పెట్టుకోవాలి, లేకపోతే ఖాళీ తెర మీద నీలి చుక్క ఒక్కటే కనిపిస్తుంది. బయలుదేరే ముందు రేవు దగ్గర నిలబడి ఆ చోటును పటంలో గుర్తు పెట్టడం మీరు ఆయనకు నేర్పండి. ఇంత చెప్పినా, సముద్రం మీద ప్రాణానికి ఫోనును నమ్ముకోకూడదు. తుపాను హెచ్చరికలు అందడానికీ, ఆపదలో కబురు పంపడానికీ ఇస్రో సాంకేతికతతో ప్రభుత్వం పడవలకు అమరుస్తున్న ట్రాన్స్‌పాండరు అనే పరికరం గురించి మత్స్యశాఖ కార్యాలయంలో తప్పక అడగండి.

ప్రశ్న: ఫోను పెట్టె మీద 8+8 జీబీ ర్యామ్ అని ఉంది, అంటే 16 జీబీయేనా?
— జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: కాదు, మీరు కొంటున్నది 8 జీబీయే. రెండో 8 అన్నది ఫొటోలు దాచుకునే స్టోరేజీలోంచి అరువు తెచ్చింది, అసలు ర్యామ్‌తో పోలిస్తే అది చాలా నెమ్మది. దానికి బదులు స్టోరేజీ యూఎఫ్‌ఎస్ రకమా, ఈఎంఎంసీ రకమా అని అడగండి, మొదటిదే వేగవంతం. చిప్పు పేరు కొత్తగా వినిపించినా ఒకసారి ఆరా తీయండి. 2023లో ఫోన్లలో వచ్చిన డైమెన్సిటీ 6080, అంతకు రెండేళ్ల ముందు వచ్చిన డైమెన్సిటీ 810కు పెట్టిన కొత్త పేరే.

ప్రశ్న: తిత్లీ తుపానుకు మా ఊళ్లో చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు మూగబోయి బంధువులకు కబురు చెప్పలేకపోయాము. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోనును నాలుగుసార్లు నింపుతుందా?
— కొబ్బరి రైతు, ఉద్దానం

జవాబు: మూడుసార్లు నింపుతుందని లెక్క వేసుకోండి. పెట్టె మీది 20,000 అన్నది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క, అంటే 74 వాట్ అవర్లు. ఫోనుకు ఇచ్చేటప్పుడు ఆ విద్యుత్తును 5 వోల్టులకు పెంచాలి, ఆ మార్పిడిలోనూ తీగలోనూ కొంత వేడిగా పోతుంది, మీకు అందేది 60 వాట్ అవర్లు కావచ్చు. 5,000 బ్యాటరీ నిండడానికి సుమారు 19 వాట్ అవర్లు కావాలి. ఇదంతా గుణించనక్కర లేకుండా పవర్ బ్యాంకు వెనక సన్నని అక్షరాలలో రేటెడ్ కెపాసిటీ అని 5 వోల్టుల దగ్గర లెక్కించిన ఒక అంకె ఉంటుంది, 20,000 దానికి సాధారణంగా 12,000 చుట్టుపక్కల ఉంటుంది, దానినే నమ్మండి. ఆ అంకె అసలు లేనివాటినీ, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను సంఖ్య లేనివాటినీ ఎంత చవకైనా కొనవద్దు.

కొన్నాక బీరువాలో పెట్టి మరచిపోతే సెల్లు తనంతట తానే దిగిపోయి పాడవుతుంది. రెండు మూడు నెలలకోసారి సగానికి పైగా నింపి, ఎండ తగలని చోట ఉంచండి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండమన్న వార్త వినగానే పూర్తిగా నింపి పెట్టండి. గాలివాన మొదలయ్యాక సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోను బ్యాటరీ మామూలు కన్నా వేగంగా దిగుతుంది కనుక, దానిని ఫ్లైట్ మోడ్‌లో ఉంచి గంటకోసారి మాత్రం తీసి, సిగ్నల్ ఉంటే కబురు చెప్పి మళ్లీ మూసేయండి.