యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేస్తే మన సర్వర్‌కి మనమే బయట ఉండిపోతామా?

అద్దెకు తీసుకున్న ఉబుంటు సర్వర్, అందులో డాకర్‌లో (యాప్‌లను కంటైనర్లలో పెట్టి నడిపే టూల్) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) పోతుందేమోనని టెన్షన్. ఇదే కదా మీ ప్రశ్న? ఉత్త భయమేం కాదండీ, నాకు జరిగింది.

ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును 22 నుంచి 2222కి ఎప్పుడో మార్చి, ఆ సంగతే మర్చిపోయాను. అలవాటు కొద్దీ ‘యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్’, ఆ వెంటనే ‘యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్’ కొట్టాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అంటే దాని లెక్కలో 22 మాత్రమే. మనం పోర్టు మార్చామా లేదా అన్నది అది చూడదు. ఉన్న కనెక్షన్లు తెగొచ్చు, కానివ్వమంటారా అని అడిగింది. వై కొట్టాను. ఏమీ తెగలేదు, అక్కడే బోల్తా పడ్డాను. అప్పటికే నడుస్తున్న కనెక్షన్‌ను యూఎఫ్‌డబ్ల్యూ మామూలుగా ముట్టుకోదు, ఆపేది కొత్తగా వచ్చేవాటినే. హాయిగా లాగౌట్ అయి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి లాగిన్ అవబోతే కర్సర్ మినుకుతూ కూర్చుంది, చివరికి టైమవుట్. వెంటనే ‘రెఫ్యూజ్డ్’ అని వస్తే చాలావరకు ఆ పోర్టులో సర్వీసు నడవడం లేదని. ఇలా నానబెడితే మాత్రం ముందు ఫైర్‌వాల్‌నే అనుమానించండి.

సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల కంట్రోల్ ప్యానెల్‌లో కన్సోల్ ఉంది గానీ, ఎప్పుడూ ఎస్‌ఎస్‌హెచ్ కీ ఫైల్‌తోనే లాగిన్ అవడం వల్ల నాకు పాస్‌వర్డే లేదు. రెస్క్యూ మోడ్‌లో (రిపేర్ల కోసం వేరే సిస్టమ్‌తో) బూట్ చేసి, డిస్క్ మౌంట్ చేసి, ‘/ఈటీసీ/యూఎఫ్‌డబ్ల్యూ/యూఎఫ్‌డబ్ల్యూ.కాన్ఫ్’ ఫైల్లో ‘ఎనేబుల్డ్=యెస్’ని ‘నో’ చేస్తే గానీ లోపలికి పోలేకపోయాను. ఒక్క మాట మార్చడానికి గంటన్నర.

ఇప్పుడైతే ముందు ‘ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ’ కొట్టి ఎస్‌ఎస్‌హెచ్ ఏ పోర్టులో ఉందో కళ్లారా చూస్తాను. ఆ నంబరే పెట్టి ‘యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 2222/టీసీపీ’ అంటాను. వెబ్‌సైట్ ఉంటే 80, 443 కూడా. ఎనేబుల్ చేసే ముందు రూట్‌గా ఇది:

ఎకో "యూఎఫ్‌డబ్ల్యూ డిజేబుల్" | ఎట్ నౌ + 10 మినిట్స్

పది నిమిషాలకు ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోతుంది. చెప్పిన టైముకి కమాండ్ నడిపే ఈ ‘ఎట్’ మీ సర్వర్‌లో లేకపోతే ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. ఎనేబుల్ అయ్యాక పాత విండో మూయకుండా ఇంకో టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అవండి. అయ్యారా, ‘ఎట్‌క్యూ’లో నంబర్ చూసి ‘ఎట్‌ఆర్‌ఎం’తో తీసేయండి. అవలేదా, కాఫీ తాగి రండి, ఈలోపు తలుపు తెరుచుకుంటుంది. తీసేయడం మర్చిపోతే మాత్రం ఫైర్‌వాల్ లేకుండానే సర్వర్ నడుస్తుంటుంది. ఆ ఘనకార్యమూ చేశాను.

ఇక డాకర్. కంటైనర్ నడిపేటప్పుడు పోస్ట్‌గ్రెస్ పోర్టుకు ‘-పీ 5432:5432’ అని ఇచ్చి ఉంటే, యూఎఫ్‌డబ్ల్యూలో ఆ పోర్టుకు అలౌ లేకపోయినా మీ డేటాబేస్ బయటికి తెరిచే ఉంటుంది. డాకర్ తన ఐపీటేబుల్స్ (లినక్స్‌లో అసలు ఫైర్‌వాల్) రూల్స్ తనే రాసుకుంటుంది, ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాదు. ‘-పీ 127.0.0.1:5432:5432’ అని (అంటే ఆ సర్వర్ లోపలి నుంచే అందేలా) మార్చి కంటైనర్‌ను మళ్లీ క్రియేట్ చేయండి, ఉత్త రీస్టార్ట్ చాలదు. తర్వాత మీ ల్యాప్‌టాప్ నుంచి సర్వర్ ఐపీకి ఒకసారి ఎన్‌మ్యాప్ కొట్టండి, ఏ పోర్టులు బయటికి తెరిచి ఉన్నాయో అది చూపిస్తుంది. ‘యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్’ మీకు చూపించేది తన రూల్స్ మాత్రమే, డాకర్ తెరిచినవి అందులో కనపడవు.