బండ సందుల్లో చేపను చూడాలంటే

చిరంజీవి సౌమ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ జోడుగుళ్లపాలెం బండల దగ్గర బ్లెన్నీ చేపను చూడాలని రాశావు. చాలా సంతోషం వేసింది. అది కంటపడాలంటే కదలకుండా కూర్చునే ఓపిక కావాలి తల్లీ.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. ఆటుపోట్ల పట్టికలో వేళ చూసుకుని గంట ముందే చేరుకో. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. ఒంటరిగా వెళ్లవద్దు. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవద్దు. పోటు మొదలవగానే లేచి వచ్చేయి.

నీరు తగ్గాక బండల మధ్య మిగిలే మడుగు పక్కన కూర్చో, నీ నీడ దాని మీద పడకూడదు. ముందు పీతలు బయటికి వస్తాయి. ఆ తర్వాత ఏదో ఒక నెర్రెలోంచి మొద్దు మూతి, పైకి పొడుచుకొచ్చిన కళ్లు, వాటి మీద సన్నని పోగులు కనిపిస్తాయి. అదే బ్లెన్నీ. వేలెడంత ఉంటుంది, ఒంటి మీద పొలుసులు ఉండవు, జిగురే రక్ష. పొట్ట కింది సన్నని రెక్కలను రాతికి ఆనించి నిలబడి, పాచిని గీకి తింటుంది. వీపు మీద రెక్కలు రెండుగా విడిపోయి, పొట్ట కింది రెక్కలు కలిసిపోయి గిన్నెలా ఉంటే అది బ్లెన్నీ కాదు, గోబీ అనే వేరే చేప. రంగును చూసి మాత్రం పేరు రాసుకోకు, ఇవి రంగు మారుస్తుంటాయి.

ఎంత ఆశపడినా రాళ్లు తిరగేయవద్దు. ఈ చేపల్లో చాలావాటికి గుడ్లు రాతి సందు గోడలకే అంటుకుని ఉంటాయి, మగచేప వాటిని కాపలా కాస్తుంది. ఇంకో కారణమూ ఉంది. అట్లాంటిక్ తీరపు ఒక గోబీని పరిశీలించి అరన్‌సన్ అనే శాస్త్రవేత్త 1951లో రాసిన విషయం నాకు ఎంతో ఇష్టం. పోటు వేళ బండల మీదుగా ఈదుతూ అది గుంటల తీరును గుర్తుపెట్టుకుంటుందట. నీరు తగ్గాక, పక్క మడుగు కంటికి కనబడకపోయినా గురి తప్పకుండా అందులోకి దూకుతుందట! అలాంటి ప్రాణి ఉండే చోట మనం రాళ్లు అటూ ఇటూ జరిపితే దాని దారులు ఏమైపోతాయి?

సీసాలో పట్టి ఇంటికి తేవద్దు, నీరు వేడెక్కి చచ్చిపోతుంది. ఫోటో తీసుకో, కానీ ఏ మడుగో అందరికీ చెప్పకు. అక్వేరియంల కోసం పట్టేవాళ్లు ఉంటారు.

వచ్చే పౌర్ణమి తర్వాత నేనూ వస్తాను. మామూలు చెప్పులు పాచి మీద జారతాయి, అడుగున పట్టు ఉన్న బూట్లు కొనిపెట్టమని మీ నాన్నకు చెప్పు.

మీ పెదనాన్న