మీరు అడిగారు: బోలియూ వారింట్లో యుదోన్ ఎవరు?

ప్రశ్న: మా పెద్దమ్మాయిని మాంట్రియాల్ అబ్బాయికి ఇచ్చాం. మనవడి కోసం అల్లుడిగారి వైపు వంశవృక్షం రాస్తున్నాం. 1880ల వరకు బోలియూ అన్న ఇంటిపేరు సాఫీగా వచ్చింది. అంతకు ముందు తరంలో తండ్రి ఇంటిపేరు యుదోన్ అని ఉంది. ఆపైన ఆడవాళ్ళందరి పేరూ ‘మరీ’ (Marie), మగవాళ్ళందరి పేరూ జోసెఫ్. దారి తప్పామా?
– ఒక పాఠకురాలు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: తప్పినట్టు లేదమ్మా. ఫ్రెంచి కెనడాలో చాలా కుటుంబాలకు రెండేసి ఇంటిపేర్లు. బాప్తిజం, పెళ్ళి, ఖననం రాసే పాత చర్చి రిజిస్టర్లలో ‘యుదోన్ ది (dit) బోలియూ’ అని కనిపిస్తుంది, అంటే బోలియూ అని పిలిచే యుదోన్. సైన్యంలో చేరినవాడికి లాఫ్లర్, జోలికర్ లాంటి మారుపేరు పెట్టేవారు. 1665లో ఫ్రాన్స్ నుంచి కారిన్యాన్-సాలియేర్ అనే సైనిక రెజిమెంటుతో కెనడాకు వచ్చిన సుమారు 1,200 మందిలో దాదాపు 400 మంది అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళ మారుపేర్లు పిల్లలకూ వచ్చాయి. కొన్ని ఇళ్ళకు సొంతూరి పేరో, భూమి పేరో అతుక్కుంది. అన్నదమ్ముల్లో ఒకరు మొదటి పేరు, ఇంకొకరు రెండోది వాడటం మామూలే. 19వ శతాబ్దం రెండో సగంలో చాలామంది ఒక్క పేరుకు కుదురుకున్నారు. మీకు 1880ల దగ్గర పేరు మారింది అందుకే అయ్యుండాలి. ఇకమీదట ప్రతి తరాన్నీ రెండు పేర్లతోనూ వెతకండి.

బాప్తిజంలో మగపిల్లాడికి ముందు జోసెఫ్, ఆడపిల్లకు ‘మరీ’, తర్వాత తరచుగా జ్ఞానపిత లేక జ్ఞానమాత (బాప్తిజంలో బిడ్డ తరఫున నిలబడేవారు) పేరు, చివర పిలిచే పేరు. మన విజయనగరంలో వీధికి నలుగురు పైడిరాజులు, పైడితల్లులు ఉన్నట్టే. కాబట్టి చివరనున్న ఆ పిలిచే పేరు పట్టుకోండి. చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టేవారు, ఖననం రికార్డు చూడకుండా బాప్తిజం ఖాయం చేసుకోకండి.

అసలు ఆధారం పెళ్ళి రికార్డు. అందులో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. పెళ్ళయినా రికార్డుల్లో ఆడవాళ్ళ పేరు మారదు, ఇది మనకు పెద్ద వరం. కొడుకు పెళ్ళి నుంచి తండ్రి పెళ్ళికి, అక్కణ్ణుంచి తాత పెళ్ళికి వెళ్ళండి. ఇంటిపేరు ఒక్కటే కలిస్తే నమ్మకండి, దంపతులిద్దరి పేర్లూ కలవాలి. తండ్రి పేరు ముందు ‘ఫ’ (feu) అని ఉంటే అప్పటికే కాలం చేశాడని. రెండో పెళ్ళయితే తల్లిదండ్రుల బదులు మొదటి భర్త పేరో భార్య పేరో రాసి వదిలేస్తారు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మొదటి పెళ్ళి రికార్డు వెతకాల్సిందే.

ఇంకొక్క సంగతి. మనకు మేనరికం మామూలు, అక్కడ దగ్గరి బంధువుల పెళ్ళికి చర్చి మినహాయింపు కావాలి. రికార్డులో ‘మూడో డిగ్రీ’ అని ఉంటే ఇద్దరికీ ముత్తాత దంపతులు ఒక్కరే, ‘రెండో డిగ్రీ’ అయితే తాత దంపతులు. మీ వృక్షంలో ఆ ఉమ్మడి జంట కనబడకపోతే ఎక్కడో ఒక తరం తప్పు పడిందన్నమాటే.

ప్రశ్న: ఊరు కదలకుండా ఈ రిజిస్టర్లు చూడొచ్చా? చర్చి తగలబడిపోతే ఇక అంతేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్లో ఉచిత ఖాతా తెరవండి. మాంట్రియాల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రపు జాతీయ గ్రంథాలయ, ఆర్కైవ్స్ (పాత పత్రాల భాండారం) సంస్థ సైట్లోనూ స్కాన్లు ఉచితం. 1849కి ముందు తరాలకు మాంట్రియాల్ విశ్వవిద్యాలయంలో మొదలైన పీఆర్‌డీహెచ్ (PRDH) అనే పాత చర్చి రికార్డుల సూచిక మేలు, దానికి కొంత రుసుము కట్టాలి. స్కాన్ తెరిస్తే ముందు మార్జిన్ చూడండి: బి అంటే బాప్తిజం, ఎం పెళ్ళి, ఎస్ ఖననం, పక్కనే పేరు. చాలా రిజిస్టర్లకు ఏడాది చివర పేర్ల పట్టిక ఉంటుంది. చదువు రానివారి పేరు పాద్రి చెవికి వినబడినట్టు రాసేవాడు, అందుకే ఒకే పేరు రెండు మూడు స్పెల్లింగుల్లో వెతకాలి.

ఇక అగ్నిప్రమాదం సంగతి. 1679 నుంచి రిజిస్టర్ రెండు ప్రతులు రాసేవారు, ఒకటి చర్చికి, ఒకటి కోర్టుకు. చర్చి ప్రతి కాలిపోతే కోర్టు ప్రతి కోసం అడగండి.