బి.ఎడ్. చదివే మా చెల్లెలు ఫోను వదలడం లేదు, ఆలోచనాశక్తి దెబ్బతింటుందా?

చెన్నైలో బి.ఎడ్. చేస్తున్న మీ చెల్లెలు ఎప్పుడూ ఫోనులోనే ఉంటోందని, పాఠ్యప్రణాళికలు (బడిలో చెప్పబోయే పాఠానికి ముందుగా రాసుకునే పథకాలు) కూడా అందులో చూసి రాసేస్తోందని రాశారు. నేనూ ఇక్కడే బి.ఎడ్. చదివాను, ఫోనుతో అలాగే గడిపాను. నా జ్ఞాపకశక్తి తగ్గలేదు, మార్కులూ తగ్గలేదు. జవాబు తెలియని ప్రశ్న దగ్గర కాసేపు నిలబడే ఓపిక మాత్రం పోయింది.

ఇంటర్న్‌షిప్‌లో ఒక తెలుగు మాధ్యమం బడిలో ఆరో తరగతికి భిన్నాల భాగహారం చెబుతున్నాను. ఒకటిని అరతో భాగిస్తే రెండు అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, భాగిస్తే తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది?" అని అడిగింది. తిరగేసి గుణించాలన్న సూత్రం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. నాకు తెలియకుండానే చెయ్యి సంచిలోని ఫోను వైపు వెళ్లింది. "రేపు చెబుతాను" అన్నాను.

ఆ సాయంత్రం సైదాపేటలో తాంబరం లోకల్ రైలు ఎక్కి, ఫోను తీయకూడదనుకున్నాను. గిండీ స్టేషను వచ్చేలోపే రెండుసార్లు చెయ్యి సంచిలోకి పోయింది. పల్లావరం దాటాక తట్టింది: ఒక చపాతీలో అర చపాతీలు ఎన్ని? రెండు! భాగించడమంటే పంచడమే కాదు, ఒకదానిలో మరొకటి ఎన్నిసార్లు ఉందో చూడడం కూడా. మర్నాడు గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని మడిచి చూపిస్తుంటే, నేను అడగకముందే ఆ అమ్మాయి "పావుతో భాగిస్తే నాలుగు" అంది.

2017లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫోను మోగకపోయినా దాన్ని బల్ల మీద పెట్టుకున్నవారికన్నా, వేరే గదిలో వదిలి వచ్చినవారు ఆలోచనాశక్తి పరీక్షల్లో మెరుగ్గా రాణించారని చూపారు. తర్వాతి పరిశోధనలు కొన్నింటిలో అంత తేడా కనిపించలేదు. నా అనుభవం మాత్రం వారి మాటకే దగ్గరగా ఉంది.

ఫోను లాక్కోకండి. కళాశాల కబుర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. పాఠ్యప్రణాళిక రాసే ముప్పావు గంట మాత్రం దాన్ని వంటింట్లో పెట్టమనండి. ముందుగా పిల్లలు అడగగల మూడు ప్రశ్నలు, వాటికి తనకు తోచిన జవాబులు రాయాలి. ఫోనులో సరిచూసుకోవడం ఆ తర్వాతే. చూసి రాసిన ప్రణాళికల్లో "విద్యార్థి విశ్లేషిస్తాడు" అన్న లక్ష్యం తప్పకుండా ఉంటుంది, పిల్లవాడు విశ్లేషించాల్సిన ప్రశ్న ఒక్కటీ ఉండదు. ఛాత్రోపాధ్యాయుల (బి.ఎడ్. విద్యార్థుల) నోట్సు చూసినప్పుడల్లా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడిలో గడపాలి. అక్కడ పిల్లలు ప్రణాళికలో లేనివే అడుగుతారు.

ఈ రాత్రి ఆమె రేపటి పాఠం ఏమిటో అడిగి, చిన్నపిల్లవాడికి వచ్చే సందేహం ఒకటి వేయండి. ఆమె ఆలోచించుకునేంతసేపూ మీరు మాట అందించకండి, మీ ఫోను కూడా తీయకండి.