తిరిగొచ్చిన సిపాయి పేరు ఏ జాబితాలోనూ ఉండదు

'మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారట, వివరాలు నెట్‌లో దొరుకుతాయా?' అని ఒకరు అడిగారు.

దొరకవు. అక్కడే చనిపోయి ఉంటే దొరికేవి. మాట కటువుగా ఉన్నా సంగతి అదే. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉండేది పోయినవాళ్ళ పేర్లే. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, సమాధి కూడా లేని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ యుద్ధం ముగిసేనాటికి మన సైన్యం సుమారు 25 లక్షలు. అందులో ఎక్కువమంది ఊరికొచ్చి, వ్యవసాయం చేసుకుని, ఇంట్లో మంచం మీదే పోయారు. వాళ్ళ ఊసు ఎవరికి కావాలి?

మా తాతయ్య మద్రాస్ సాపర్స్‌లో, అంటే రోడ్లు, వంతెనలు వేసే సైనిక దళంలో, 1942లో చేరాడు. విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన ఏడాది అది. దేశం కోసం వెళ్ళాడని మావాళ్ళంటారు. నన్నడిగితే జీతం కోసం. అందులో తప్పేముంది?

ఆయన ఎడమ కనుబొమ్మ మీద పెద్ద మచ్చ. జపానువాడి తూటా రాసుకుపోయిందని మా ఇంట్లో అందరం నమ్మాం. ఆయన పోయాక ట్రంకు పెట్టె తీస్తే పాత సర్వీసు కాగితాలు, బర్మా స్టార్ పతకం కనిపించాయి. బాబాయి ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతున్నాడు. చేరిన రోజు రాసుకున్న పుట్టుమచ్చలు, ఆనవాళ్ళ దగ్గరకొచ్చి ఆగిపోయాడు. 'ఎడమ కనుబొమ్మ మీద గాయం మచ్చ' అని ఉంది. యుద్ధానికి వెళ్ళకముందే!

గుమాస్తా తర్వాత రాసుంటాడని బాబాయి వాదన. నాయనమ్మ ఊరుకుంటుందా? ఆవిడ తాతయ్యకి సొంత మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. "తూటా ఏంట్రా? మా దొడ్లో చింతచెట్టు మీంచి పడ్డాడు. మా అత్త ఇంత పసుపు అద్ది వదిలేసింది" అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "మీరెప్పుడు అడిగారు?" అంది.

బర్మా గురించి ఆయన ఆవిడకి చెప్పిందల్లా వాన, జలగలు, బురదలో రోడ్డు వెయ్యడం. వేసిన రోడ్డు మర్నాటికి కొట్టుకుపోయేదట. నాకు తూటా కథ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. ఈమధ్య వాట్సాప్‌లో ప్రతి ఇంటి తాతా నేతాజీ పక్కన నడిచినవాడే. రోడ్డు వేసినవాడు, వంట చేసినవాడు, కంచరగాడిదలు తోలినవాడు ఎవరింట్లోనూ లేరు!

మీరు ముందు సర్వీసు నంబరు, అంటే సైన్యంలో ఆయనకిచ్చిన నంబరు, వెతకండి. పేరుతో లాభం లేదు. మన ఇంటిపేరు చూసి అదే అసలు పేరనుకుంటారు, పైగా స్పెల్లింగ్ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం పతకాలైతే అంచు మీదో వెనకో పేరు, నంబరు చెక్కి ఉంటాయి, బర్మా స్టార్ మీద ఏమీ ఉండకపోవచ్చు. నంబరు దొరికితే ఆ దళం రికార్డుల ఆఫీసుకి రాయండి: సాపర్స్‌కి బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి. జవాబు వచ్చేలోపు మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఎవరున్నా, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన కూర్చోండి.